రెండో గ్రహం

“ఆ మాట ఇవాళ మాత్రం అనకండి,” అంది పెద్దమేడం, హాలు తలుపుకి అడ్డంగా నిలబడి. “టీవీ వాళ్ళు వచ్చేశారు. పిల్ల తల్లి కూడా వచ్చి కూర్చుంది.”

చూపులేని ఆడపిల్లల బడి అది. దాన్ని నడిపేది పెద్దమేడం. ఎదురుగా నిలబడ్డ ఇద్దరూ వదినా ఆడపడుచులు. వదిన ఖగోళ శాస్త్రవేత్త. ఎక్కడెక్కడి నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలనో వెతకడం ఆవిడ పని. ఆడపడుచు బొమ్మలు వేస్తుంది. వదినగారి లెక్కలు మామూలు మనుషుల బుర్రకెక్కేలా బొమ్మలు కట్టి, బడులకు తీసుకెళ్ళి చూపించడం ఇద్దరూ కలిసి పెట్టుకున్న పని.

కిందటి వారం ఈ బడికి చేత్తో తడిమి తెలుసుకునే బొమ్మ తెచ్చారు. అట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు అతికించిన దారం. అది ఒక నక్షత్రపు వెలుగు. గ్రహం అడ్డొచ్చినప్పుడు ఆ వెలుగు కాస్త తగ్గుతుంది కాబట్టి అక్కడ దారం కిందికి వంగుతుంది. ఆ వంపే గ్రహం ఆనవాలు. పిల్లలందరూ దాన్ని వేళ్ళతో పట్టుకుని మురిసిపోయారు. ఒక్క పిల్ల మాత్రం చెయ్యి తియ్యలేదు. ప్రతిదానికీ వాదిస్తుందని ఆమెను అందరూ లాయరమ్మ అంటారు. “ఇక్కడ ఇంకో చిన్న వంపుంది మేడం. ఇది రెండో గ్రహమా?” అని అడిగింది.

ఆడపడుచు లెక్కలు చూసే కదా గీసింది అనుకుని వదిన ఒళ్ళు మరిచిపోయింది. అయ్యుండొచ్చునని, ఇన్నాళ్ళూ తన కంటపడనే లేదని అనేసింది. ఆ ముక్క ఎవరో ఫోన్లో పట్టారు. చూపులేని పిల్ల గ్రహం కనిపెట్టిందంటూ ఆ వీడియో ఊరంతా తిరిగింది.

తీరా అసలు లెక్కలు తిరగేస్తే అక్కడ ఏ గ్రహమూ లేదు. జిగురు ఆరకముందే దారం జారింది, అంతే.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందని ఆడపడుచు దారి పొడుగునా తల బాదుకుంటూనే ఉంది. అంతదూరం ఎవరు పోయి చూసొస్తారు, ఉందనే అనుకోనీ వదినా అని బతిమాలింది. ఇప్పుడైతే గోటితో పోతుంది, రేపు గొడ్డలి కావాల్సొస్తుంది అని వదిన కొట్టిపారేసింది. అలా అన్నదే గానీ ఆవిడకీ కాళ్ళు ముందుకు పడటం లేదు.

పెద్దమేడం గట్టిగా ఏమీ అనలేదు. పిల్ల గురించి నలుగురూ అయ్యో పాపం అనడమే తప్ప శభాష్ అనడం ఆ తల్లి విననేలేదని చెప్పింది. “ఆవిడ మొహం చూసి చెప్పగలిగితే చెప్పండి,” అని పక్కకు తప్పుకుంది.

లోపల లాయరమ్మ తల్లి ఇస్త్రీ బట్టల్లో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది. వదినను చూడగానే లేచి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉందని ఒక్క మాట అనేస్తే ఎవరి సొమ్ము పోయింది అనిపించింది వదినకు. నిజంగానే అనిపించింది.

కెమెరా వెలిగింది. ఇక మాట్లాడమన్నట్టు టీవీ అమ్మాయి తల ఊపింది.

వదిన కెమెరా వైపు చూడలేదు. లాయరమ్మ పక్కన కూర్చుని ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“నువ్వు పట్టుకున్నది గ్రహం కాదమ్మా. దారం జారింది. లెక్కలన్నీ రెండుసార్లు చూశాను, అక్కడేం లేదు. సరిచూసుకోకుండా అవునన్నాను. తప్పు నాది.”

ఆడపడుచు తల వంచుకుంది. వెనక వరసలో ఎవరో పిల్ల ముక్కు ఎగబీల్చింది.

“అయితే మా అమ్మాయి ఏమీ కనిపెట్టలేదా?” అని తల్లి మెల్లగా అడిగింది.

లాయరమ్మ మొహంలో మాత్రం ఏడుపు లేదు. మెల్లమెల్లగా నవ్వు విచ్చుకుంటోంది.

“దారం జారిందని నాకు ఆరోజే తెలుసు మేడం,” అంది. “దారం అతికించే ముందు అట్ట మీద పెన్నుతో నొక్కి గీసుకున్న గాడి అక్కడ తిన్నగానే ఉంది. ఇక్కడికొచ్చేవాళ్ళు మేమేమన్నా భలే భలే అనేసి వెళ్ళిపోతారు. మాకు కూడా తప్పయితే తప్పని చెప్పే మనిషి ఒక్కరైనా ఉంటారేమోనని అడిగి చూశాను.”