నత్తమ్మ బయలుదేరింది

చెరువుగట్టు మీద పందికొక్కు బుస్సయ్యకు బోలెడు బొరియలుండేవి. ఒకదాంట్లో పీతమ్మ అద్దెకుండేది. తొలకరి చినుకులు పడ్డ రోజు బుస్సయ్య వచ్చి, "మా బావమరిది దిగుతున్నాడు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యి" అన్నాడు.

పొట్ట కింద గుడ్లు మోస్తున్న పీతమ్మ అడ్డంగా పరుగెత్తి అవతలి గట్టునున్న ఇరుగుపొరుగు సేవాసంఘానికి చేరింది. సంఘానికి అన్నీ నత్తమ్మే.

"సంఘం వచ్చి బొరియ చూసి స్టాంపు వేసేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. ఆ నియమానికి బుస్సయ్య కూడా చెయ్యెత్తాడు. నువ్వు నిశ్చింతగా వెళ్లు తల్లీ, నేనిప్పుడే బయలుదేరుతున్నా" అంది నత్తమ్మ.

బయలుదేరింది. దారిలో ప్లాస్టిక్ కవరు అడ్డొస్తే, ఊరికే గెంతుతున్న కుర్ర కప్పల్ని పిలిచి తీయించింది. ఒకటి తీస్తే ఇంకొకటి కనిపించేది. గట్టంతా అద్దంలా తయారైంది. ఈలోగా పీతమ్మ గుడ్లు పిల్లలయ్యాయి, ఆ పిల్లలూ కప్పల జట్టులో చేరి కవర్లు లాగడం మొదలెట్టాయి.

బుస్సయ్యకు ఒళ్లు మండింది. "నా వీపెక్కండి, క్షణంలో దింపుతా!" అన్నాడు.

"ఇంటి ఓనరు వీపెక్కి తనిఖీకొస్తే నలుగురూ ఏమనుకుంటారు నాయనా?" అంది నత్తమ్మ.

వానలు వెలిశాక ఎట్టకేలకు బొరియ గుమ్మం ముందుకొచ్చింది. బుస్సయ్య ఎగిరి గంతేశాడు. పీతమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. నత్తమ్మ కొమ్ములు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా మతి మండ! స్టాంపు సంఘంలోనే మర్చిపోయా. ఉండండి, ఇప్పుడే వచ్చేస్తా!"