ఏరు పుట్టిన చోటు

నల్లమ్మి అనే ఎలుగుబంటి ఏటి ఒడ్డునే పెరిగింది. ఆ ఏరు ఎక్కడ పుట్టిందో కళ్ళారా చూడాలని దాని కోరిక. అందుకు కొండలెక్కి చాలా దూరం నడవాలి.

చెప్పులు కుట్టే ముళ్ళపంది అత్త రెండు జతలు ఇచ్చింది. ఒకటి దళసరి బెరడు బూట్లు, రెండోది తేలికపాటి నారజోళ్ళు.

"అడవంతా ముళ్ళేనే పిల్లా! బూట్లే తొడుక్కో," అంది అత్త.

నల్లమ్మి జంకి బూట్లు తొడుక్కుని, జోళ్ళు మూటలో పెట్టుకుంది. వాగు దాటగానే బూట్లు నీళ్ళు తాగి బండల్లా బరువెక్కాయి. మడమలు పుండ్లు పడ్డాయి. కొండ మొదట్లోనే కూలబడి ఏడ్చింది.

అటుగా వచ్చిన కొండమేక జాలిపడింది. "ముల్లు ఎప్పుడో గుచ్చుకుంటుంది తల్లీ, బరువు మాత్రం అడుగడుక్కీ మొయ్యాలి," అంది.

నల్లమ్మి బూట్లు అక్కడే వదిలి జోళ్ళు తొడుక్కుంది. దారిలో ముళ్ళు గుచ్చుకున్నాయి. పీకి పారేసి నడిచింది.

శిఖరం మీద ఒక రాతి పగులు. అందులోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా రాలుతున్నాయి.

"ఊళ్ళను ముంచే మా ఏరు ఇదేనా? నా దోసిలి కూడా నిండదే!" అని అబ్బురపడింది నల్లమ్మి. జోళ్ళు విప్పి దూరంగా పెట్టి, ఆ చెమ్మ నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి దణ్ణం పెట్టుకుంది.