పది రోజుల చెల్లెలు

తొమ్మిది రోజులుగా మీనాకుమారి జగ్గారావుకు చెల్లెలు. ఈ మధ్యాహ్నం మూడింటికి కాకుండా పోతుంది.

అది ఆమె చేతుల్లో లేదు. కాగితాల మీద సంతకం పెట్టేసింది. అద్దెకు తీసుకున్న హాల్లో రెండొందల మంది ముందు జగ్గారావు చెయ్యి పట్టుకుని, "నేను నీ చెల్లెల్ని కాదు, నటిని" అని చెప్పాలి. అప్పుడు నాలుగు కెమెరాలూ ఆయన ముఖం మీదే ఉంటాయి. ఆ ముఖం కోసమే ఇదంతా.

ఎక్కడో మంచు కురిసే దేశంలో పుట్టిన షో ఇది. తప్పిపోయిన మనిషి దొరికారని నమ్మించడం, పది రోజులు ఒకే ఇంట్లో ఉంచడం, ఆఖర్న నిజం చెప్పడం. పద్నాలుగు దేశాలు కొనుక్కున్నాయి. తెలుగులో ఇదే మొదటిసారి. ఇంకా టీవీలో రాలేదు కాబట్టి సంగతి ఎవరికీ తెలీదు. డైరెక్టర్ ప్రేమ్‌కుమార్ ఆ దేశాల్లో తీసిన వీడియో ముక్కలు ఫోన్లో చూపించాడు. ఒక ముసలాయన కుర్చీలోంచి జారిపోయాడు. ఒకావిడ నవ్వుతూనే ఉండిపోయింది, ఆపడం చేతకాక.

"చూశారా మేడమ్? భాష అక్కర్లేదు. మొహం చాలు" అన్నాడు ప్రేమ్‌కుమార్.

మీనాకుమారి విజయనగరంలో నాటకాలాడేది. వేషం దొరికి రెండేళ్లయింది. అందుకే ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఇప్పుడు తనను తాను తిట్టుకోని పూట లేదు.

జగ్గారావు బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. అక్కడే నిమ్‌పురా పక్కన రెండు గదుల అద్దె ఇల్లు. తప్పిపోయిన మీవాళ్లను వెతికిపెడతాం అన్న ప్రకటన చూసి తనే ఫోన్ చేశాడు. యాభై ఏళ్ల కిందట పలాస స్టేషన్లో నాలుగేళ్ల చెల్లెలు చిలకమ్మ చెయ్యి వదిలి జనంలో కలిసిపోయిందన్నాడు. ఫొటో లేదన్నాడు. టీవీవాళ్లకు కావలసిందీ అదే. ఇంకేమీ అడగలేదు.

ఈ తొమ్మిది రోజులూ ఆయన ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. పొద్దున్నే వేణ్ణీళ్లు కాచి పెట్టేవాడు. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించి గోల్‌బజార్ అంతా తిప్పాడు. చేపలమ్మేవాడికీ, చెప్పులు కుట్టేవాడికీ, అడగని వాళ్లకు కూడా, "ఆమార్ బోన్, దాదా! నా సెల్లెలు!" అని చెప్పాడు. పాత సంగతులు మాత్రం ఆయనకు సరిగ్గా గుర్తులేవు. తప్పిపోయిన రోజు ఎర్ర గౌను వేసుకున్నావని ఒకసారి అన్నాడు. పచ్చ పరికిణీ అని ఇంకోసారి అన్నాడు. వయసు కదా అనుకుందామె.

పక్కింటి పోలమ్మ ఓ రోజు నిలదీసింది.

"ముప్పయ్యేళ్లనుంచి పక్కపక్కనే ఉన్నాం గదా. సెల్లెలు తప్పిపోనాదని ఒక్కపాలైనా సెప్పినావేటి బావూ?"

"ఎవులడిగినారు?" అన్నాడు జగ్గారావు.

నిజమే. ఎవరూ అడగలేదు.

ఈ రోజు భాయ్ ఫోటా. అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల నుదుట గంధం చుక్క పెట్టే బెంగాలీ పండగ. రైల్వే తెలుగువాళ్లు ఎప్పుడో తమది చేసేసుకున్నారు. ప్రేమ్‌కుమార్ షో ఆఖరి రోజు కావాలనే ఇవాళ పడేలా పెట్టాడు. పొద్దున్నుంచి వీధంతా శంఖాలు ఊదుతున్నారు. ఆటోల్లో ఆడపడుచులు దిగుతున్నారు.

"ఏటా ఈ రోజున తలుపేసుకొని లోపల కూకుండిపోతాడమ్మా. సాయంత్రందాకా తియ్యడు" అని నిన్ననే చెప్పింది పోలమ్మ.

ఇవాళ తలుపులు బార్లా తెరిచి, కొత్త చొక్కా తొడుక్కుని, జగ్గారావు చాప మీద కూర్చున్నాడు. కెమెరాలు తిరుగుతున్నాయి. మీనాకుమారి ఉంగరం వేలికి గంధం అద్దుకుంది.

"ఆ ఏలు కాదమ్మా. ఎడం సేతి సిటికినేలు. ఇక్కడ అలగే పెడతారు" అని నుదురు ముందుకు వంచాడు.

వంచిన ఆ తల చూసి ఆమె గుండె చెరువైంది. చుక్క పెట్టింది గానీ ఇక తన వల్ల కాదనుకుంది. ఈ మనిషి ముఖాన్ని పద్నాలుగు దేశాలకు అప్పగించకూడదు. వేషాలు రాకపోతే మానె.

టిఫిన్లు కాగానే పెరట్లో పంపు దగ్గరకు ఆయన వెనకే వెళ్లింది. అక్కడ కెమెరా లేదు. ఇద్దరి మైకులూ తీసి కిటికీలో పెట్టింది.

"అన్నయ్యా, తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. నేను చిలకమ్మను కాదు. నాటకాలాడేదాన్ని. మధ్యాహ్నం అందరి ముందూ ఈ మాటే నాతో చెప్పిస్తారు. నువ్వు ఏడిస్తే చూడాలని. నువ్వు రాకు. ఒళ్లు బాగోలేదని చెప్పేయ్."

చెప్పేసి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి జగ్గారావు టీ గ్లాసు కడుగుతున్నాడు. తీరిగ్గా కడిగి బోర్లించాడు.

"వొస్తాను. నాను రాకపోతే నీకు మరెవులూ ఏసం ఇవ్వరు. ఏడవాలంతే గదా? ఏడుస్తాన్లే. అదేటి కష్టం?"



"నీకు... ముందే తెలుసా?"

"సెల్లి దొరికిందని ఆళ్లు ఫోన్ సేసినారు సూడు, అప్పుడే తెలుసు."

"అప్పటికి నా మొహమైనా చూడలేదు కదా అన్నయ్యా! ఎలా తెలిసింది?"

జగ్గారావు నుదుటి చుక్క చెరగకుండా చుట్టూ చెమట తుడుచుకున్నాడు.

"మా అమ్మకి నానొక్కడ్నే పుట్టినానమ్మా" అన్నాడు.