డిప్లాయ్ రిజిస్టర్

సర్వర్ తెర మీద ఎర్ర గీత మూడోసారి వచ్చింది. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది.

"ఏమంటోందమ్మా?" అని అడిగాడు వెంకట్రామయ్య.

"ప్యాకేజీ ఎక్కింది సార్. స్టార్ట్ నొక్కితే లేవట్లేదు," అంది హీనా.

బందరు చేపల రైతుల సంఘం ఆఫీసులో ఆ రోజు రెండు పండగలు. పదకొండింటికి అధ్యక్షుడు శ్రీహరి గారు కొత్త వెబ్ అప్లికేషన్‌ను ప్రారంభిస్తారు. అది కాగానే, పాత అప్లికేషన్ రాసిన వెంకట్రామయ్యకు రిటైర్మెంట్ సన్మానం. రైతు తన చెరువులో చేపలు పట్టే రోజు చెప్పి ఐసు లారీ బుక్ చేసుకోవడానికి పదిహేనేళ్ళ కిందట ఆయన రాసింది అది. అప్లికేషన్ మొత్తాన్ని ఒకే ప్యాకేజీగా కట్టి సర్వర్‌లో పెట్టేటప్పుడు దానికో పేరు పెట్టాలి. ఆయన తన భార్య పేరు పెట్టాడు. అప్పటినుంచి సర్వర్ మొరాయించినప్పుడల్లా గుడివాడ నుంచీ అవనిగడ్డ నుంచీ ఫోన్లు వచ్చేవి: "సులోచన గారు ఇంకా నిద్ర లేవలేదాండీ?"

ఆ వెటకారానికి సులోచన మాత్రం నవ్వేది. దివిసీమలో తన పేరు చెప్పకుండా ఒక్క చేప కూడా గట్టెక్కడం లేదని గొప్పలు పోయేది.

మెషీన్ పాతబడింది, మెమరీ పెంచండి అని ఆయన ఆరేళ్ళపాటు కాగితాలు పెట్టాడు. పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చాయి. విజయవాడ కంపెనీ ఒకటి కొత్త అప్లికేషన్ రాసిస్తామనగానే వాళ్ళడిగిన పెద్ద మెషీన్ పది రోజుల్లో వచ్చి కూర్చుంది. ఆ రోజు వెంకట్రామయ్య తన పాత ప్యాకేజీని కూడా దాంట్లోకి ఎక్కించి ఓ మూల ఉంచితే, పెళ్ళాన్ని వదిలి కొత్తింటికి వెళ్ళలేకపోతున్నాడని ఆఫీసంతా నవ్వింది. శ్రీహరి గారి నిలువెత్తు ఫొటో ఉన్న మొదటి పేజీ వారం కిందటే విడిగా ఎక్కి మెరుస్తోంది. దాని వెనక ఉండి లారీలు బుక్ చేసే అసలు ప్యాకేజీయే ఇవాళ లేవాలి.

లేవకపోతే మిగతావాళ్ళకు మాటే పోతుంది, హీనాకు ఉద్యోగం పోతుంది. రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఈ నెలాఖరుతో గడువు అయిపోతుంది. ప్రారంభం సవ్యంగా జరిగితేనే పొడిగిస్తానని శ్రీహరి గారు మొహం మీదే చెప్పారు.

కంపెనీ ఇంజనీరు రాకేష్‌కు ఫోన్ చేస్తే, బస్సులో ఉన్నాననీ, ఇప్పుడే పామర్రు దాటామనీ, ఇంకోసారి నొక్కి చూడమనీ చెప్పాడు. నొక్కారు. నాలుగో ఎర్ర గీత వచ్చింది.

అంతలో శ్రీహరి గారు హాల్లోకి రమ్మంటున్నారని వెంకట్రామయ్యకు కబురొచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచాడు గానీ అడుగు పడలేదు.

"వెళ్ళండి సార్. నేను చూసుకుంటాను."

"ఏం చేసినా రిజిస్టర్‌లో రాయమ్మా."

"సర్వర్‌లో ఏం పెట్టామో నోటితో చెప్పకూడదు, రాసి మీ సంతకం తీసుకోవాలి. రెండేళ్ళుగా అదేగా సార్ మీరు నేర్పింది," అంది హీనా, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆయన హాల్లో చివరి వరసలో కూర్చుని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తను రాసినదాని స్థానంలో ఇంకోదాన్ని కూర్చోబెడుతుంటే చూడబుద్ధి కాలేదు. పక్కన సులోచన బందరు లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇవాళ్టితో నన్ను తీసేస్తున్నారంటగా?" అంది.

"ఇద్దర్నీను."

పదీ యాభై మూడుకి ఆయన ఫోన్ మోగింది. "లేచింది సార్," అంది హీనా. అంతే, పెట్టేసింది. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

శ్రీహరి గారు బటన్ నొక్కారు. చప్పట్లు మోగాయి. మొదటి బుకింగ్‌కి ఘంటసాల రైతు జకరయ్యను పిలిచారు. పాతదాన్ని అందరికంటే ఎక్కువ తిట్టినవాడు ఆయనే. బుకింగ్ చేసి మైకు అందుకున్నాడు.

"పాతదాంట్లో అయితే చేపలు పట్టి, అమ్మి, పులుసు పెట్టుకు తిని వచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేదండీ. ఇది వేలు తీసేలోపే లారీ నంబరు ఇచ్చేసింది. ఇంకో సంగతండీ, ఎవరూ నేర్పక్కర్లా. చెయ్యి దానంతటదే సరైన గడి మీదకి పోతోంది. ఇది రాసినోడెవరో మా చెరువుగట్టు మీద నిలబడి రాసుంటాడు."

వెంకట్రామయ్యకు మనసు చివుక్కుమంది. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"నాకంటే మంచిదా?" అని గొణిగింది సులోచన.

"చురుకైంది."

"పోన్లెండి, పిల్లలు సుఖపడతారు," అని నవ్వేసింది.

సరిగ్గా అప్పుడే రాకేష్ చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు. ఏదో చెప్పబోయేలోగానే శ్రీహరి గారు వేదిక మీదకి లాగి శాలువా కప్పారు. అతను నోరు తెరుచుకునే దండం పెట్టాడు. ఆ ఊపులోనే హీనా కాంట్రాక్టు మరో రెండేళ్ళు పొడిగిస్తున్నట్టు మైకులో చెప్పేశారు. ఆ తర్వాత వెంకట్రామయ్యకూ దండ పడింది. లడ్డూలు చేతులు మారాయి. హాలంతా నేతి వాసన.

హీనా లడ్డూ ముట్టకుండా రిజిస్టర్ పట్టుకుని వచ్చింది.

"మీ చివరి సంతకం సార్. చదివి పెట్టండి."

"చదవకుండా ఎప్పుడు పెట్టానమ్మా?" అంటూ ఆయన కళ్ళజోడు తగిలించుకున్నాడు. ఆఖరి వరస మీద వేలు పెట్టి గడి గడీ చదువుకుంటూ పోయాడు. తేదీ, ఇవాళ్టిదే. సమయం, పదీ యాభై రెండు. పెట్టినవారు, హీనా.

నడుస్తున్న ప్యాకేజీ పేరు, సులోచన.