ఎర్ర కారు గొంతు

“వేగం నా కాలి కింద ఉండాల, శబ్దం నా చేతిలో ఉండాల. రెండిటినీ విడదియ్యి హనుమంతూ. ఏం చేస్తావో నాకు తెలీదు,” అన్నాడు చెంగల్రాయుడు.

పుంగనూరు బస్టాండు వెనక షెడ్డులో, ఎర్ర కారు కిందినుంచి మెకానిక్ హనుమంతు తల మాత్రం బయటికి పెట్టాడు.

“అదెట్ల బావా? స్పోర్ట్ మీట నొక్కితే రెండూ కలిసే లేస్తాయి. నొక్కకపోతే సరి, మెత్తగా పోతాది.”

“మెత్తగా పోయేదానికి బస్సుండాది కదప్పా!”

చెంగల్రాయుడిది మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా మండీ. అరవై దగ్గరపడ్డాక, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు మీద ఆయనకు మనసు పడింది. ఇదేం వయసని ఊరంతా లోపల అనుకుంటే, భార్య ఈశ్వరమ్మ పైకే అంది. అని ఊరుకుంది కూడా. కానీ పోయిన నెల ఆయన ఆ మీట నొక్కి, ఎనభైలో మలుపు తిరగబోయి, రోడ్డు పక్కన పేర్చిన టమాటా క్రేట్లలోకి దూరాడు. తల నుంచి కాళ్ళ దాకా ఎర్రగా ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి ఈశ్వరమ్మ గడపలోనే కూలబడింది. అది టమాటా రసమని తెలిశాక లేచి, ముఖం కడుక్కుని, ఒకటే మాట చెప్పింది.

“ఆ కారు ఇంకొక్క తూరి అట్ల అరిసిందంటే మర్నాడే అమ్మేస్తా, సూడు.”

అన్నదంటే చేసే మనిషి. ఆ సంగతి చెంగల్రాయుడికి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

అయితే ఆయనకు ఒక ఆశ ఉంది. ఈశ్వరమ్మ కారెక్కగానే కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. ఊరొస్తే తప్ప తెరవదు. ఆమెకు వేగం తెలిసేది చెవులతోనే.

హనుమంతు తల గోక్కున్నాడు. “పొగ పైపులో రేకు తలుపొకటి పెడతా. దానికొక వైరు, స్టీరింగు కింద ఒక పిడి. పిడి లాగితే తలుపు పడతాది, కారు నోరు మూసుకుంటాది. నువ్వెంత తొక్కినా గుర్రుమనదు. అయితే బండి రేపటిదాకా ఈడే వదలాల.”

“మీ అక్కకు తెలీకూడదు.”

ఈశ్వరమ్మ పుట్టిల్లు హనుమంతు వాళ్ళ వీధిలోనే. “నేను యాల చెప్తా బావా!” అన్నాడు వాడు నొచ్చుకుని.

చెంగల్రాయుడు బస్సులో ఇల్లు చేరాడు. మర్నాడు ఈశ్వరమ్మ, అమ్మను చూసొస్తానని తానే పుంగనూరు బయలుదేరింది. కారేదని అడక్కుండా ఆమె పోవడం ఆయనకు మరీ కలిసొచ్చింది. ఆమె తిరిగొచ్చాక పోయి కారు తెచ్చుకున్నాడు.

“మీటరు అద్దం గూడా తుడిచినా బావా. దానికి దుడ్లొద్దు,” అన్నాడు హనుమంతు.

ఆనాటినుంచి చెంగల్రాయుడి దశ తిరిగింది. స్పోర్ట్ మీట నొక్కడం, పిడి లాగడం. కారు పిల్లిలా జారిపోయేది. మీటరు ముల్లు ఎనభై తాకితే ఆయన కాలు తేలిక చేసేవాడు. క్రేట్లను ఆయనా మరిచిపోలేదు. మండీలో తూకం దగ్గర ఎవరైనా గొణిగితే, “మనిషి చెప్పేది వినొద్దప్పా, ముల్లు చెప్పేది సూడు,” అనడం ఆయనకు అలవాటు. కారులోనూ ముల్లునే చూసేవాడు. పైగా లీటరుకు పన్నెండు కిలోమీటర్లిచ్చే కారు ఇరవైనాలుగు ఇవ్వసాగింది. పక్క మండీ ముద్దుకృష్ణ నమ్మకపోతే, మీటరు చూపించి మరీ నోరు మూయించాడు.

కుప్పంలో ఉన్న కూతురు ప్రీతి, పాపకు చెవులు కుట్టిస్తున్నానని కబురు పెట్టింది. ఇద్దరూ బయలుదేరారు. ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. ముల్లు ఎనభై. వెనకనుంచి టమాటా వ్యాను ఒకటి హారను కొట్టుకుంటూ దాటిపోయింది. దాని వెనకే ఇంకొకటి.

“ఎంతలో పోతాండామప్పా?” అంది ఈశ్వరమ్మ.

“నలభై,” అన్నాడు చెంగల్రాయుడు, తడుముకోకుండా.

“అట్లే పోనీ.”

ఈ వ్యాన్లోళ్ళు నూటిరవైలో పోతున్నారు, యాడో పడతారని ఆయన మనసులోనే జాలిపడ్డాడు.

కుప్పం చేరేసరికి చెవులు కుట్టడం అయిపోయింది. పాప ఏడుపూ అయిపోయింది. విస్తళ్ళు ఎత్తుతున్నారు.

“ఏం నాయనా, నడిసొస్తాండారా?” అంది ప్రీతి.

“రోడ్డు బాగలేదమ్మా.”

సాయంత్రం తిరుగుదారి. ఈశ్వరమ్మ కళ్ళు మూసుకునే ఆయన భుజానికి తల ఆనించింది. అంత సేపు ఆమె పక్కన ఊరికే కూర్చోవడం, మండీ పెట్టినాక ఆయనకు గుర్తులేదు.

“ఇట్ల పోతే ఎంత హాయిగా ఉండాది! ఈ కారును అమ్మాలనుకున్నా సూడు, నాదే తప్పు,” అంది.

ఆ మాట చెంగల్రాయుడికి గుచ్చుకుంది. తిట్టి ఉంటే ఇంకా నాలుగేళ్ళు దాచేవాడే. కారు పక్కకు తీసి ఆపాడు.

“ఏమ్మే, ఒక మాట. అరవకుండా విను. ఈ పిడి లాగితే కారు అరవదు, అంతే. వేగం తగ్గదు. ఇన్నాళ్ళూ నిన్ను ఎనభైలో తిప్పినా. ఇంక అమ్ముకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం.”

ఈశ్వరమ్మ కళ్ళు తెరిచింది. కోపం జాడ లేదు. ముందుకు వంగి, మీటరు అద్దాన్ని కొంగుతో ముద్దుగా తుడిచింది.

“పానం లాంటి కారును వదిలి నువ్వు బస్సులో ఇంటికొచ్చినప్పుడే అనుకున్నా, ఏందో నడస్తాందని. మర్నాడు పోయి హనుమంతు పక్కన పీట ఏసుకుని కూసున్నా. నీ పనయినాక నాదీ ఒక పని చేసిచ్చినాడు.”

“నీకేం పని?”

“నువ్వు నా చెవులు మూయిస్తివి, నేను నీ కండ్లు మూయిస్తి.”

చెంగల్రాయుడు అర్థంకాక ఆమె వైపు చూశాడు. ఆమె మళ్ళీ ఆయన భుజం మీద తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెప్పింది.

“ఆ ముల్లు ఎనభై చూపిస్తే, బండి పోయేది నలభైలోనే.”