తాళం పడిన నవ్వు

బిడ్డ ఆసుపత్రి గాజుగిన్నెలో నలకంత ఉన్నప్పుడే గుణాలకు తాళాలు వేయించడం, చెవులు కుట్టించినంత మామూలైపోయిన రోజులవి. ప్రొటీన్ల దండు వెళ్లి ఏ జన్యువు నోరు మూస్తే, అది జన్మలో మళ్లీ నోరు విప్పదు.

భ్రమరాంబా, మొగుడు పట్టాభీ కలిసే జాబితా రాసుకున్నారు: షుగరు, బట్టతల, మేనమామ ముక్కోపం, వీలైతే ముక్కుతో సహా. తీరా ఆ రోజు ఆమెకు కళ్లు తిరగడంతో, సంతకానికి పట్టాభి ఒక్కడే వెళ్లాడు.

ఇవాళ ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చదివింది భ్రమరాంబ. నాలుగో వరుసలో ‘తల్లి నవ్వు: మూసివేయడమైనది’ అని ఉంది.

ఆమె నవ్వితే వీధి చివర ఇస్త్రీబండి దాకా వినబడుతుంది. ఆ నవ్వు చూసే చేసుకున్నానని ఆరేళ్లుగా ఊరంతా చెప్పుకున్నాడు పట్టాభి. పాపకు ఏం రాకపోయినా అదొక్కటి రావాలని ఆమె ఆశ.

“ఇదేంటండీ?”

“ఆడపిల్ల కదే, రేపు నలుగురిలో నవ్వులపాలవుతుందనీ...”

“నా నవ్వు బాగుంటుందనేవారుగా?”

“బాగోకేం! అలవాటైపోయిందిగా.”

తాళి కట్టిన చేత్తోనే తాళమూ వేశాడన్నమాట.

“తీయించండి.”

“తీయరంట. ఆ జన్యువులూ మీ పెద్దత్తా ఒకటే. ఒక్కసారి మూతి ముడిస్తే ఇక అంతేనంట!”

ఎంత కడుపు మండుతున్నా, ఆ కడుపులోంచే నవ్వు తన్నుకొచ్చింది. భ్రమరాంబ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చూశావా, ఇలా ఎంత బాగుందో!” అన్నాడు పట్టాభి.