ఏడో ఉపగ్రహం

1982 వేసవిలో పత్తి వ్యాపారి గవిసిద్దప్ప దగ్గర ఉన్నవి ఒక రేడియో, లారీ బ్యాటరీ, మిద్దె మీద కట్టిన రాగి తీగ. వీటికి తోడు మంచి చెవి. ధరల కోసం ఆదోని తంతి ఆఫీసు బెంచీ మీద ఏళ్ల తరబడి కూర్చుని ఆయన చుక్కలూ గీతలుగా కొట్టే మోర్సు నేర్చుకున్నాడు.

అందుకే కాలేజీ లెక్చరర్ శ్రీపాదరావు ఆ రాత్రి ఆయన మిద్దెకు వచ్చాడు. దూరదేశపు విద్యార్థులు చేసిన ఆరు చిన్న ఉపగ్రహాలు తమ వేడినీ, బ్యాటరీ బలాన్నీ మోర్సులో చెబుతూ పోతున్నాయి. సిద్దప్ప విని చెబితే శ్రీపాదరావు రాసుకున్నాడు. ఆరూ కొండ వెనక్కి దిగిపోయాయి.

ఏడోది మొదలైంది.

"ఆరే కదప్పా?"

"ఆరే సిద్దప్పన్నా. ఏమి, నిద్దరొస్తాందా?"

ఇది యంత్రం కొట్టేది కాదు. ప్రతి గీతనూ కాస్త సాగదీసే చెయ్యి. ఆదోని బెంచీ మీద ఏళ్లుగా విన్న, ఎమ్మిగనూరు తంతి గుమాస్తా యేసేపు చెయ్యి.

అమ్మకు బాగాలేదు.

మూడేళ్ల కిందట ఎమ్మిగనూరు నుంచి సిద్దప్పకు తమ్ముడు పంపిన తంతి అదే. పత్తి అమ్మకు, ధర బాగాలేదు అని చదువుకుని సిద్దప్ప గోదాముకు తాళం వేసుకున్నాడు. ఎమ్మిగనూరులో తల్లి పోయింది. తంతి తప్పు కొట్టాడని సిద్దప్ప ఫిర్యాదు పెట్టి యేసేపు ఉద్యోగం పీకించాడు. ఆ ఏడే యేసేపూ పోయాడు.

"సచ్చినా వదలవేంరా! నువ్వు సరిగ్గా కొట్టింటే నేను పోయిండనా?" అని అరిచి సిద్దప్ప బ్యాటరీ తీగ పీకేశాడు.

రేడియో దీపం ఆరింది. చప్పుడు ఆగలేదు. అమ్మకు బాగాలేదు. ఒక్క అక్షరమూ తప్పు లేదు.

"ఎవురితో మాట్లాడతాండావన్నా?" అన్నాడు శ్రీపాదరావు. అతనికేమీ వినపడటం లేదు.

ఆ రాత్రి అతనికి ఆరు ఉపగ్రహాల అంకెలు దక్కాయి. సిద్దప్పకు దక్కింది మూడేళ్ల కోపం, ఇప్పుడు తన పేరు మీదే.